తొక్కి పట్టండి సార్

కుడికాలి పిక్క ఇంకా లాగుతూనే ఉంది. నొప్పి తగ్గితే కోపం కూడా తగ్గిపోతుందని ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది పాత మారుతి 800. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది, మా ఇంట్లో వాడకం మాత్రం ఆగలేదు. మొన్న సెల్లార్ ర్యాంపు మీద కారు కూడా ఆగనంది. బ్రేక్ తొక్కితే పెడల్ దాదాపు నేలకి ఆనింది. బ్రేకులకి ఆయిల్ వెళ్లే దారులు, అంటే సర్క్యూట్లు, రెండు విడివిడిగా ఉంటాయి కాబట్టి, ఒకటి చచ్చినా రెండోది బతికి, వాచ్‌మన్ కుర్చీకి జానెడు దూరంలో బండిని నిలబెట్టింది. వాచ్‌మన్ అప్పటికే కుర్చీలో లేడు.

వెనక చక్రానికి వెళ్లే ఇనుప పైపు తుప్పు పట్టి చిల్లు పడిందట. విశాఖలో సముద్రపు గాలికి ఇది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, తుప్పు పట్టకూడదనే ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు కారు అడుగున నల్లటి కోటింగ్ కొట్టి నా దగ్గర డబ్బు గుంజారు. తుప్పు ఆ కోటింగ్ కింద ఎవరి కంటా పడకుండా హాయిగా పెరిగింది.

టోయింగ్ బండి, గాజువాక ఆటోనగర్, "పైపు విడిగా రాదు, సెట్టు మొత్తం కొనాలి" అన్న స్పేర్ పార్టుల షాపాయన... ఇవన్నీ వదిలేద్దాం. మెకానిక్ తన దగ్గరున్న పైపు చుట్టలోంచి ముక్క కోసి, చివర్లు ఫ్లేర్ చేసి, అంటే గరాటులా విప్పార్చి, కొత్త నట్లతో బిగించేశాడు. ఇక బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయడమే మిగిలింది.

"సార్, కుర్రాడు రాలేదు. కాస్త మీరు కూర్చుని పంప్ చేస్తారా?"

కూర్చున్నాను. "కొట్టండి... కొట్టండి... తొక్కి పట్టండి!" అంటాడు. నేను పట్టగానే వెనక చక్రం దగ్గర నిప్పుల్, అంటే గాలి బయటికి వదిలే చిన్న మర, వదులు చేస్తాడు. బుడగలతో ఆయిల్ చిమ్ముతుంది, పెడల్ కిందకి దిగుతుంది. ఆయన బిగించేదాకా నేను కాలు తీయకూడదు, తీస్తే వచ్చిన దారినే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆ లయ నాకు పట్టుబడుతోంది అనుకునేంతలో వెనక నుంచి "టక్" మంది.

"నిప్పుల్ విరిగింది సార్. ఒక్క నిమిషం, షాపుకెళ్లి తెస్తా. కాలు మాత్రం వదలకండి, డబ్బాలో ఆయిలంతా కారిపోద్ది!"

మనిషి మాయం. నేనూ, పెడలూ మిగిలాం. పెడల్ నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లో, అంటే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే పంపులో, దారి మూసుకుపోయి పైన డబ్బాలో ఉన్న ఆయిల్ కిందకి రాదట. అంటే నేనిప్పుడు డ్రైవర్ని కాను, ఒక మూతని. ఆటోనగర్ ఎండలో, ఏసీ లేని కారులో, ఇన్‌షర్ట్ చేసుకున్న మూతని.

ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఎక్కడున్నారు?"

"బ్రేక్ తొక్కుతున్నాను."

"మరి బండి ఆగిందా?"

"బండి పొద్దుటి నుంచీ ఆగే ఉంది."

"ఆగిన బండికి బ్రేక్ ఎందుకండీ?"

ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా వెనక హారన్. ఒక లోడ్ ఆటో. డ్రైవరు తల బయటికి పెట్టి, "కొంచెం ముందుకి తీయండి బాబూ" అన్నాడు.

"కుదరదండీ, జాకీ మీదుంది. వెనక చక్రం ఊడదీశారు."

"మరి స్టీరింగు ముందు కూర్చున్నారుగా?"

ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే మాస్టర్ సిలిండర్ దగ్గర నుంచి మొదలెట్టాలి. ఈలోగా టీ తాగుతున్న ఇద్దరు పెద్దమనుషులు పరిస్థితిని తమ పద్ధతిలో అర్థం చేసుకున్నారు. "బ్యాటరీ పోయినట్టుంది, పాపం. పట్టు, తోసేద్దాం" అంటూ డిక్కీ మీద చేతులేశారు.

"తొయ్యకండి!" అని అరిచాను. కిందకి దిగి ఆపుదామంటే ఆయిల్ పోతుంది. దిగకపోతే జాకీ పోతుంది. ఒక కాలు పెడల్ మీదే ఉంచి, నడుము దాకా కిటికీలోంచి బయటికి వచ్చి దణ్ణం పెట్టాను. వాళ్లు చేతులు తీసి నా వంక చూసిన చూపులో భయం, జాలి సమపాళ్లలో ఉన్నాయి. ఒకాయన నాకు మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

మెకానిక్ నిప్పుల్‌తో వచ్చాడు, పెదాల మీద టీ నురగతో. కొత్తది బిగించి, మళ్లీ మొదటి నుంచీ కొట్టించి, పెడల్ గట్టిపడ్డాక దింపాడు. నేను కుంటుతూ దిగేసరికి పక్క షెడ్డులో ఇంకో కారు కూడా అదే పనిలో ఉంది. డ్రైవింగ్ సీట్లో మాత్రం ఎవరూ లేరు. సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర ముక్క అడ్డం పెట్టి ఉంది.

"మనకి కర్ర లేదా?" అన్నాను.

"ఉంది సార్. మీరున్నారు కదా అని తీయలేదు."

బిల్లు రాసిచ్చాడు. పైపు, నట్లు, నిప్పుల్, బ్రేక్ ఆయిల్, లేబర్. అన్నిటికంటే కింద ఇంకో లైను: హెల్పర్ చార్జి, 150 రూపాయలు.