ఇంకో రెండు వందలు తగ్గించండాయ్!

భీమవరం నుంచి అమలాపురం దాకా ఇప్పుడు ఏ ఒంటికైనా మందు ఒకటే: రెండు వందలు. నెల రోజులుగా కాటా మీద అంకె కదలడం లేదా? రోజుకి రెండు వందల క్యాలరీలు తగ్గించండి. తగ్గించినా కదల్లేదా? ఇంకో రెండు వందలు. ఈ లెక్కన ఉగాదికి మొదలుపెట్టిన మనిషి దసరాకల్లా గాలి భోంచేస్తూ, దీపావళికి కోచ్ గారికే క్యాలరీలు బాకీ పడతాడు.

బరువు తగ్గిస్తామనే ఈ కోచ్ గార్లను మీకు పరిచయం చెయ్యక్కర్లేదు. పొద్దున్న అయిదింటికే మీ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టేది వాళ్లే. నిన్నటిదాకా స్థలాలు అమ్మారు, అంతకుముందు పాలసీలు కట్టించారు, ఇప్పుడు మన పొట్టల మీద పడ్డారు. డాక్టరు కావాలంటే అయిదున్నరేళ్లు పడుతుంది. వీరికి ఒక ఆదివారం జూమ్ మీటింగూ, రెండు ఫొటోలూ చాలు. మొదటి ఫొటోలో పొట్ట వదిలేసి, రెండో ఫొటోలో ఊపిరి బిగబట్టి. అక్కడితో శాస్త్రం పూర్తి. మిగిలింది మనకి అంటగట్టే పౌడరు డబ్బా.

దుకాణం పెట్టేముందు ఈ నేల ఎలాంటిదో అయినా చూసుకోవాల్సింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర మనకి నీళ్లిచ్చాడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. నిజానికి ఆయనిచ్చింది క్యాలరీలు. అది చాలదని మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ వరిని విడుదల చేసి ఆ సేవని మిగతా రాష్ట్రాలక్కూడా అందించింది. ఇక ఆత్రేయపురం రేకులూ, తాపేశ్వరం మడతలూ సరేసరి. ఇలాంటి చోట 1,200 క్యాలరీల చార్టు పట్టుకుని తిరిగేవాడి ధైర్యాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

మొన్న సంక్రాంతికి మా వీధిలో దిగిన హైదరాబాదు అల్లుడిది అలాంటి ధైర్యమే. కుర్రాడు 94 కిలోల నుంచి 84కి వచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. కోచ్ గారు అలవాటు ప్రకారం కోసేసి 1,200కి తెచ్చారు. పండక్కి వస్తూ బ్యాగులో కొత్త బట్టలతోపాటు గ్రాముల కాటా కూడా పెట్టుకొచ్చాడు. భోజనాల వరసలో నేనూ ఉన్నాను కాబట్టి చూసిందే చెబుతున్నాను. అరిటాకు పక్కన ఆ కాటా పెట్టగానే, అల్లుడు బంగారం తూచి చూసుకుంటాడు కాబోలనుకుని అత్తగారు లోపలికెళ్లి గొలుసు తెచ్చారు.

"బంగారం కాదండీ అత్తయ్యగారూ, అన్నం."

"అన్నం తూచి పెట్టుకోవడమేంటి బాబూ! ఎవరైనా చూస్తే మేం కొలిచి పెడుతున్నాం అనుకోరూ?" అని ఆవిడ ముందు వెళ్లి వీధి తలుపు వేసొచ్చారు.

అన్నం 150 గ్రాములు తూగింది. యాప్‌లో రైస్ అని కొట్టాడు. యాప్ బియ్యం లెక్క చూపించింది, అయిదు వందల పైచిలుకు. కుర్రాడు హడలిపోయి సగం తీసేశాడు. వండిన అన్నం అయితే ఆ బరువుకి రెండొందలు కూడా ఉండవు. తర్వాత పనసపొట్టు కూర. యాప్‌కి పనసపండు తెలుసు, పొట్టు తెలీదు, ఆవ పెట్టిన పొట్టు అసలే తెలీదు. గుత్తొంకాయని 'ఉడికించిన వంకాయ' కింద రాసుకున్నాడు. కాయల చుట్టూ తేలుతున్న నూనె ఏ ఖాతాలోకీ వెళ్లలేదు. పూతరేకు దగ్గరికొచ్చేసరికి యాప్ 'రైస్ పేపర్' అంది. ముప్పై క్యాలరీలు! అత్తగారి మాటా అదే: "కాగితమే కదా బాబూ, గాలికెగిరిపోయేదానికి బరువేంటి, ఇంకోటి వేసుకోండి." వేసుకున్నాడు. పెద్ద చెంచాడు నెయ్యంటే దాదాపు 120 క్యాలరీలు. ఒక్కో రేకులో ఎన్ని చెంచాలు పడుతుందో ఆత్రేయపురం వెళ్లి అడిగి చూడండి, నవ్వి ఊరుకుంటారు.

పక్క ఆకు దగ్గర మావగారు ఇదంతా చూస్తున్నారు. ఉండి దగ్గర వనామీ రొయ్యలు వేస్తారాయన.

"బరువు ఆగి ఎన్నాళ్లయిందండీ అల్లుడుగారూ?"

"అయిదు వారాలండీ."

"మరి మీ కోచ్ ఏం చూశాడు?"

"స్క్రీన్‌షాట్లండీ."

మావగారి చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "చెరువులో రొయ్య ఎదుగుదల ఆగిందనుకోండి. మేత కోసేసి ఇంటికొచ్చి పడుకుంటానా? ముందు చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో చూస్తాను. విసురువల వేసి కౌంటు తీస్తాను, ఒక్కచోట కాదు, నాలుగు మూలలా. ఆక్సిజన్ చూస్తాను. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు రాత్రి ఆగాయేమో కాపలా కుర్రాణ్ని అడుగుతాను. ఈహెచ్‌పీ రోగం గానీ తగిలిందేమోనని ల్యాబుకి పంపిస్తాను. ఇవాళ్టి సైజు ఎంతో చూసుకుని మేత లెక్క మళ్లీ కడతాను, కిందటి నెల లెక్క పట్టుకుని వేళ్లాడను. రొయ్యకే ఇన్ని చూస్తామండీ. మా అల్లుడికి స్క్రీన్‌షాట్ సరిపోద్దా?" అని, కాస్త ఆగి, "రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?" అన్నారు.

"రెండవుతుందండీ. అమెరికా షిఫ్టు."

"ఏరియేటర్ ఆగింది," అన్నారు మావగారు, పెరుగన్నం కలుపుకుంటూ.

నేను రాయాల్సిన వ్యాసం ఆయన పెరుగన్నంలోనే అయిపోయింది. అయినా సంపాదకుడికి చోటు నింపాలి కాబట్టి చెబుతాను. 94 కిలోల ఒంటిని నడిపించడానికి అయ్యే ఖర్చు 84 కిలోల ఒంటికి కాదు. పైగా తిండి తగ్గిందని పసిగట్టిన శరీరం, తగ్గిన బరువుకి లెక్క ప్రకారం తగ్గించాల్సినదానికన్నా ఎక్కువే పొదుపు చేస్తుంది. మనకి తెలియకుండానే మెట్లు మానేసి లిఫ్టు ఎక్కుతాం, కూర్చున్నచోట కదలడం కూడా తగ్గిపోతుంది. అమెరికాలో టీవీ పోటీ కోసం విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చుపెట్టేది ఆ ఒంటికి ఉండాల్సినదానికన్నా రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువట. కిలో కొవ్వుకి 7,700 క్యాలరీలు, కాబట్టి రోజూ అయిదొందలు కోస్తే వారానికి అరకిలో చొప్పున కలకాలం తగ్గుతారన్న కోచ్ గారి ఎక్కం అందుకే మధ్యలో తప్పుతుంది. మొదటి వారాల్లో జోరుగా జారినదాంట్లో చాలా భాగం నీళ్లేనన్న సంగతీ ఆయన చెప్పరు, అప్పుడే కదా ఫీజు కట్టించుకునేది.

రెండు వందలు తప్పు అంకె అని నేననడం లేదు, పాపం దానిదేం తప్పు లేదు. కొత్త బరువుకి లెక్క మళ్లీ కట్టుకుని, రెండు వారాలు నూనే నెయ్యీ చెంచాతో కొలుచుకుని, రోజువారీ అంకె కాకుండా వారం సగటు చూసుకుని, అప్పటికీ కదలకపోతే వందో రెండొందలో తగ్గించుకోవచ్చు, నడక పెంచుకోవచ్చు. పప్పూ గుడ్డూ చేపా మాత్రం కొయ్యకూడదు. ఇది చెప్పడానికి డబ్బా అక్కర్లేదు, అదే చిక్కు.

అంకె మొండికేసినప్పుడు కోచ్ గారి నోట్లోంచి వచ్చే రెండో మాట: "మేడం, మీరు చీట్ చేస్తున్నారు." దీనికి ఆయనకి తెలియని ఆధారం కూడా ఒకటుంది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్న పదిమందిని 1992లో అమెరికా పరిశోధకులు పరీక్షిస్తే, తిన్నదాంట్లో సగటున 47 శాతం వాళ్ల లెక్కలోకి రానేలేదని తేలింది. అయితే ఏం? గుత్తొంకాయ నూనె లెక్క తప్పిన అల్లుడు దొంగా?

మా పక్క వీధి పిల్లతల్లి సంగతి మాత్రం నవ్వుతూ రాయడం నా వల్ల కాదు. నాలుగున్నరకి లేచి ఇంటిల్లిపాదికీ వండి, రొయ్యలు వలిచే షెడ్డులో పొద్దంతా నిలబడి, రాత్రి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషి. చార్టు 1,200తో మొదలై, వెయ్యి అయి, ఎనిమిది వందలకి దిగింది. జుట్టు ఊడుతోందంటే విషాలు పోతున్నాయన్నారు. కళ్లు తిరుగుతున్నాయంటే కొవ్వు కరుగుతోందన్నారు. నెలసరి ఆగిపోయిందంటే బొటనవేలు బొమ్మ పెట్టారు. సిగ్గుండాలి! అమెరికాలోని మినెసోటాలో 1944-45లో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల చేత వారానికి 22 మైళ్లు నడిపిస్తూ, ఆర్నెల్లపాటు రోజుకి సుమారు 1,570 క్యాలరీలే పెట్టి ఏమవుతుందో చూశాడు. నీరసం, చలి, దిగులు, నిద్రలో కూడా తిండి ధ్యాసే. ఆ ప్రయోగానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే అర్ధాకలి. డాక్టర్లు పక్కనుండి చేయించిన పని అది. అందులో సగం తిండిని, డాక్టరు మొహమే చూడని ఈ అమ్మాయికి ఫోన్లో రాసిచ్చేశారు. ఎనిమిది వందల డైట్లు వైద్యంలో లేకపోలేదు, అవి డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇచ్చేవి. బరువు మరీ వేగంగా పడిపోతే పిత్తాశయంలో రాళ్లొచ్చే ప్రమాదం పెరుగుతుంది. థైరాయిడ్ చూపించుకోమ్మా అని ఆ గ్రూపులో ఒక్క నోరైనా లేవలేదు. చీట్ చేశావన్నారు. ఆవిడ తిన్నదే లేదు, చీట్ చెయ్యడానికి ఎక్కడుంది?

ఏఎన్ఎం పోరుపెట్టగా చివరికి ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. రక్తం తక్కువ, థైరాయిడ్ తేడా. డాక్టరమ్మ మాత్రలు రాసి, గుడ్డూ పప్పూ చేర్చి, ముందు తిండి పెంచమంది. ఆ రిపోర్టు తెచ్చి పాపం గ్రూపులోనే పెట్టింది. అరగంటలో బయటికి తోసేశారు. ఈవిడ నెగెటివిటీ వల్ల మిగతా సభ్యుల మెటబాలిజం దెబ్బతింటోందట.

ఆవిడ దగ్గర సగం మిగిలిన కోచ్ గారి పౌడరు డబ్బాని రొయ్యల మావగారు మేతలోకి పనికొస్తుందేమోనని పట్టుకెళ్లారు. కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు రాసిందంతా చదివి, మర్నాడు వెనక్కి పంపించేశారు.