హెచ్. పైలోరీలన్నింటినీ ఒకే గాటన కట్టే వైద్యం ఇక చాలు

ఎండోస్కోపీ చేయించుకున్న రోగి చేతికి వచ్చే కాగితంలో హెలికోబ్యాక్టర్ పైలోరి గురించి సాధారణంగా ఒకే మాట ఉంటుంది: పాజిటివ్ లేదా నెగటివ్. ఆ మాటను బట్టే రెండు వారాల యాంటీబయాటిక్స్ రాయడమో, పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రతో సరిపెట్టడమో జరుగుతుంది. కడుపులో కాపురమున్న ఆ బ్యాక్టీరియా ఏ వంశానిది, దాని జన్యువులు ఎలాంటివి అన్న ప్రశ్న వైద్యుడి గదిలో వినిపించదు. పెర్త్ నగరంలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూపింది 1982లో. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది 1994లో. మార్షల్, వారెన్‌లకు నోబెల్ బహుమతి 2005లో వచ్చింది. ఇంత చరిత్ర తరువాత కూడా 'ఉందా, లేదా' దగ్గరే ఆగిపోవడం రోగికి చేస్తున్న అన్యాయమని నా దృఢాభిప్రాయం.

ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఈ బ్యాక్టీరియాను మోస్తున్నారని చాలాకాలంగా అంచనా. వారిలో పదోవంతు మందికో, కొంచెం ఎక్కువ మందికో పుండ్లు పడతాయి. నూటికి ఒకరి నుంచి ముగ్గురికి కడుపు క్యాన్సర్ వస్తుంది. మిగిలినవారిలో అత్యధికులు ఏ బాధా ఎరగకుండానే జీవితం గడిపేస్తారు. ఉప్పు, పొగాకు, నిల్వ మాంసం వంటివి ఈ తేడాలో కొంత భాగాన్ని వివరిస్తాయన్నది నిజమే. అయితే వాటి గురించి ఎంత చర్చ జరిగిందో, బ్యాక్టీరియా జన్యువుల గురించి జరిగిన చర్చ అందులో పిసరంత కూడా లేదు.

కొలంబియాలోని నారిన్యో ప్రాంతాన్ని చూడండి. పసిఫిక్ తీరాన ఉన్న తుమాకో, ఆండీస్ కొండల మీద ఉన్న తుకెర్రెస్ అనే ఊళ్ల మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. రెండు చోట్లా పెద్దవారిలో 90 శాతం వరకు హెచ్. పైలోరి ఉంది. పాజిటివ్, నెగటివ్ లెక్క ప్రకారం రెండు ఊళ్లూ ఒకటే. కానీ కొండ ఊరిలో కడుపు క్యాన్సర్ తీరప్రాంతం కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. పెలాయో కొర్రెయా అనే పాథాలజిస్టు దశాబ్దాల పాటు పట్టుకుని వదలని ఈ చిక్కుముడికి 2014లో ఒక సమాధానం దొరికింది. తీరంలో ఎక్కువమంది ఆఫ్రికా మూలాలున్నవారు, వారి కడుపులోని బ్యాక్టీరియాకూ ఆఫ్రికా మూలాలే ప్రధానం. కొండ మీద ఉన్నవారు ఎక్కువగా అమెరికా ఆదిమవాసుల సంతతి; వారిలోని బ్యాక్టీరియా మాత్రం సముద్రాలు దాటి వచ్చిన యూరప్, ఆఫ్రికా వంశాల కలగలుపు. ఆఫ్రికా వంశపు బ్యాక్టీరియా ఆఫ్రికా సంతతివారి కడుపులో సౌమ్యంగా ఉండగా, ఆదిమవాసుల సంతతివారి కడుపులో అదే వంశపు అంశ జఠరపు పొరను తీవ్రంగా పాడుచేసింది. వేల ఏళ్లు కలిసి బతికి ఒకరికొకరు అలవాటు పడిన జోడీ విడిపోయి, పరిచయం లేని రెండు వంశాలు ఎదురుపడినప్పుడు ముప్పు పెరిగింది. పాజిటివ్ అనే మాటలో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

కణాల స్థాయిలో జరిగేది ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. కొన్ని స్ట్రెయిన్లలో, అంటే ఈ బ్యాక్టీరియాలోని కొన్ని ఉపరకాల్లో, సుమారు 30 జన్యువులున్న ఒక డీఎన్‌ఏ ముక్క ఉంటుంది, దాన్ని క్యాగ్ దీవి అంటారు. అందులోని జన్యువులు సూది వంటి ఒక నిర్మాణాన్ని తయారుచేస్తే, బ్యాక్టీరియా దాని గుండా క్యాగ్-ఏ అనే ప్రొటీన్‌ను నేరుగా మన జఠర కణంలోకి ఎక్కిస్తుంది. లోపలికి చేరిన ఆ ప్రొటీన్‌కు మన కణంలోని ఎంజైములే ఫాస్ఫేటును తగిలిస్తాయి. ఆ తగిలించే చోటును ఎపియా అని పిలుస్తారు, అది అయిదు అమైనో ఆమ్లాల చిన్న వరస. ఫాస్ఫేటు తగిలిన క్యాగ్-ఏ, కణం పెరుగుదలను నియంత్రించే ఎస్‌హెచ్‌పి-2 అనే ఎంజైమును పట్టుకుని, అదుపు లేకుండా పనిచేయిస్తుంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. జపాన్, కొరియా, చైనా స్ట్రెయిన్లలో ఎక్కువగా ఉండే ఎపియా-డి ఈ ఎంజైమును గట్టిగా పట్టుకుంటుంది, పాశ్చాత్య స్ట్రెయిన్లలోని ఎపియా-సి పట్టు అంతకంటే సడలు. ఆ వరస చుట్టూ ఉన్న ఒకటి రెండు అమైనో ఆమ్లాల తేడాతో పట్టు బిగుస్తుంది లేదా సడలుతుంది. తూర్పు ఆసియాలో కడుపు క్యాన్సర్ అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక బలమైన కారణం. జపాన్‌లోనే ఈ క్యాన్సర్ తక్కువగా ఉండే ఒకినావాలో పాశ్చాత్య తరహా క్యాగ్-ఏ ఉన్న స్ట్రెయిన్లు మిగతా జపాన్ కంటే ఎక్కువగా దొరకడం కాకతాళీయమని నేననుకోను. వ్యాక్-ఏ అనే విషప్రొటీన్ జన్యువు సంగతీ ఇంతే: అది దాదాపు ప్రతి స్ట్రెయిన్‌లోనూ ఉంటుంది గానీ, ఎస్-1, ఎమ్-1 రూపం కణాలను గుల్ల చేస్తే, ఎస్-2 రూపం దాదాపు నిర్వీర్యం.

మన సంగతికి వద్దాం. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, వారు పరీక్షించిన భారతీయ స్ట్రెయిన్లన్నీ యూరప్ వంశానివేనని, వాటి క్యాగ్ దీవి కూడా అదే పోలికతో ఉందని తేలింది. లదాఖ్ ప్రజల్లోనూ, మలేషియాలో స్థిరపడిన భారతీయుల్లోనూ రెండో ఆసియా వంశంగా పిలిచే మరో తెగ కనిపించింది. మలేషియాలో మన సంతతివారిలో ఈ బ్యాక్టీరియా చైనీయులకు ఏమాత్రం తీసిపోని స్థాయిలో ఉన్నా, కడుపు క్యాన్సర్ చైనీయుల్లోనే చాలా ఎక్కువ. మన దేశంలోనూ పెద్దవారిలో సగానికి పైగా ఇది ఉన్నా కడుపు క్యాన్సర్ అందుకు తగ్గట్టు లేదు. అలాగని దేశమంతా ఒకేలా కూడా లేదు, ఐజ్వాల్‌లో నమోదయ్యే రేటు దేశంలోనే అత్యధికం. మిజోరంలో పొగాకు పొగను పీల్చిన నీటిని పుక్కిలించే అలవాటు, పొగబెట్టిన మాంసం ఇందుకు కారణాలుగా చాలాకాలంగా చెబుతున్నారు. అవి కారణాలే కావచ్చు. కానీ అక్కడి బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని, వేరే రాష్ట్రాల స్ట్రెయిన్లను పక్కపక్కన పెట్టి విస్తృతంగా చూడనంతవరకు తీర్పు సగమే.

దీనికి ఎదురువాదం ఉంది. ఏ స్ట్రెయిన్ అయినా చికిత్స అదే కదా, దొరికిన ప్రతిదాన్నీ నిర్మూలించమని అంతర్జాతీయ నిపుణుల 2015 నాటి క్యోటో ఏకాభిప్రాయం చెబుతోంది కదా, జన్యువులు తెలుసుకుని ఏం చేస్తారని కొందరు వైద్యులు అడుగుతారు. కోల్‌కతా పరిశోధకులు అల్సర్ ఉన్నవారిలోనూ లేనివారిలోనూ క్యాగ్-ఏ దాదాపు సమానంగా ఉందని చూపారని కూడా గుర్తుచేస్తారు. కోల్‌కతా ఫలితం నిజమే, దాన్ని నేను గౌరవిస్తాను. క్యాగ్-ఏ ఉందా లేదా అన్నది కూడా మరో పాజిటివ్, నెగటివ్ ప్రశ్నే కాబట్టి సమాధానం రాలేదు. క్యాగ్-ఏలో ఉన్నది ఎపియా-సినా, ఎపియా-డినా, బ్యాక్టీరియా వంశానికీ మనిషి వంశానికీ పొంతన ఉందా అని అడగాలి. ఇక అందరినీ నిర్మూలన మందులతో ముంచెత్తమన్న సలహా, ముప్పు ఎక్కువగా ఉన్న జపాన్‌కు నప్పుతుంది. సగం జనాభా పాజిటివ్‌గా ఉన్న దేశంలో దాన్ని అమలు చేస్తే యాంటీబయాటిక్స్ ఏమవుతాయో ఊహించండి. విరేచనాలైన ప్రతిసారీ మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే మెట్రోనిడజోల్ పుణ్యమా అని, ఆ మందుకు లొంగని పైలోరి మన దేశంలో ఇప్పటికే విపరీతం. దీని చికిత్సలో వాడే మరో యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్. పైలోరిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే అధిక ప్రాధాన్యమున్న సూక్ష్మజీవుల జాబితాలో పెట్టింది. ఆ మొండితనం కూడా జన్యువుల్లోని ఒకటి రెండు అక్షరాల మార్పే. ముప్పు తెచ్చే స్ట్రెయిన్‌నూ, మందుకు లొంగని స్ట్రెయిన్‌నూ ఒకే పరీక్షలో పసిగట్టగలిగినప్పుడు చికిత్స ముందు ఎవరికి, ఏ మందుతో అన్నది నిర్ణయించవచ్చు.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి. మన వైద్యం నడిచే కొలమానాల్లో చాలా భాగం మనవి కావు. టోక్యోలోనో, యూరప్ నగరంలోనో అక్కడి శరీరాలను చూసి గీసిన గీతలను మనం తెచ్చుకుని మన రోగుల మీద పరుస్తున్నాం. పైలోరి మొదటి సంపూర్ణ జన్యుక్రమం 1997లో వెలువడింది. అది 16 లక్షలకు పైగా అక్షరాల చిన్న పుస్తకం, దాన్ని చదవడానికయ్యే ఖర్చు ఇవాళ అప్పటితో పోల్చితే నామమాత్రం. ఆల్ప్స్ మంచులో 5,300 ఏళ్ల క్రితం చనిపోయిన మనిషి కడుపులోని పైలోరి జన్యుక్రమాన్ని 2016లో చదివారు, దాని దగ్గరి చుట్టాలు ఇప్పుడు మధ్య, దక్షిణ ఆసియాలో ఉన్న స్ట్రెయిన్లేనని తేల్చారు. మన ఆసుపత్రుల్లో ప్రతిరోజూ తీసే బయాప్సీ ముక్కలు మాత్రం, ఈ బ్యాక్టీరియా ఉనికిని రంగు మార్పుతో పట్టే యూరియేజ్ పరీక్షలో రంగు మారగానే వ్యర్థాల సంచిలోకి వెళ్తున్నాయి.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఎండోస్కోపీ విభాగాలున్నాయి, హైదరాబాద్‌లో జన్యుక్రమం చదవగల సంస్థలున్నాయి, క్యాన్సర్ రిజిస్ట్రీలున్నాయి. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. రోగి అనుమతితో ఒక బయాప్సీ ముక్కను అదనంగా భద్రపరచి, అందులోని స్ట్రెయిన్ వివరాలను ఆ రోగికి తరువాతి ఏళ్లలో వచ్చిన జబ్బుతో ముడిపెట్టే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాలు ఉమ్మడిగా మొదలుపెట్టాలి. దానికి ఐజ్వాల్ నుంచి వచ్చే నమూనాలను కూడా కలుపుకోవాలి. తక్కువ ముప్పు ఉన్న మన కడుపులూ, ఎక్కువ ముప్పు ఉన్న వారి కడుపులూ ఒకే వరసలో కనబడితేనే తుమాకో, తుకెర్రెస్‌ల కథకు మన దేశంలో జవాబు ఏమిటో తెలుస్తుంది.