మహారాజశ్రీ 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ గారికి

మైపాడు దగ్గర రొయ్యల గుంట గట్టు మీద నుంచి విన్నవించుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ కుశలం ఒకవైపే ఉంది. టవర్ నుంచి నా దాకా బ్రహ్మాండం. నా నుంచి టవర్ దాకానే తమరి దయ కరువు.

తమరంటే ఫోనూ టవరూ మాట్లాడుకునే రేడియో కాలవ వెడల్పే గదా. తమరి అన్నయ్య 4జీ గారు ఒక్కో కాలవకు (క్యారియర్) 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయాడు. తమరు 100. 2022లో 5జీ వచ్చినప్పుడు మా బావ, "ఇంక చూస్కోబ్బయ్యా, గుంటలో రొయ్య మీసం తిప్పినా నెల్లూర్లో కనబడతాది" అన్నాడు.

మొన్న రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. జనరేటర్ పట్టలేదు. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజనే తాగుతుంది కాబట్టి తెల్లారుజామున రొయ్యకు ఊపిరి అసలే తక్కువ. ముందు తేలతాయి, తర్వాత పోతాయి. నెల్లూర్లో ఉన్న బావకు వీడియో కాల్ చేశా. ఫోన్లో గీతలు నిండుగా ఉన్నాయి. బావ మొహం మీద దోమ వాలితే అది కూడా నాకు కనబడింది. ఆయనకు మాత్రం నా జనరేటర్ కనబడలా. "ఏందిరా, బూడిద గుమ్మడికాయ చూపిస్తా ఉండావు?" అన్నాడు.

ఆ గీతలు నా దాకా వచ్చే టవర్ గొంతు ఎంత గట్టిదో చెబుతాయి. నా గొంతు టవర్‌కు ఎట్టా వినబడుతోందో వాటికేం తెలుసు? నా ఫోను గరిష్ఠ శక్తి 200 మిల్లీవాట్లు. దాన్ని తమరి నిండు వెడల్పు మీద పరిస్తే మెగాహెర్ట్జ్‌కు 2 మిల్లీవాట్లు. 5 మెగాహెర్ట్జ్‌లోనే పోస్తే 40. తూము నుంచి వచ్చే నీళ్లు అవే అయినప్పుడు కాలవను ఇరవై రెట్లు వెడల్పు చేస్తే ఏమవుతుందో చివరి ఆయకట్టు రైతునడగండి. మడమ తడవదు. పైగా కాలవ ఎంత వెడల్పో గుర్రపుడెక్క అంత. వేడి ఉన్న ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లు ఊరికే కుదురులేక రొద చేస్తుంటాయి. తమరు 20 నుంచి 100కు పెరిగితే ఆ రొద కూడా ఐదింతలు. నీళ్లు పలచన, డెక్క దట్టం.

"టవర్ మీద 64 యాంటెనాలున్నాయి గదా, అవి చూసుకోవా?" అని తమరనొచ్చు. చూసుకుంటాయి, కాదనను. కాకపోతే అది రంగనాయకుల తేరు లాగడం లాంటిది. అరవై నాలుగు మందీ ఒకే గోవిందాకు మోకు లాగితే ఒకరి బలానికి 64 రెట్లు పడుతుంది. తలా ఒక గోవిందాకు లాగితే తేరు ఉన్నచోటే. ఆ గోవిందా కొట్టాల్సింది ఎవరనుకున్నారు? నా ఫోనే! అది పంపే గుర్తు సంకేతం విని, నేను ఏ దిక్కున ఉన్నానో, ఏ యాంటెనాకు ఎంత ఆలస్యంగా చేరానో లెక్కగడతాయి. ఆ కేకను 100 మెగాహెర్ట్జ్ పొడవునా ఒక్కసారే సాగదీస్తే అది గుసగుసే. ముక్కలు ముక్కలుగా పంపితే అన్నీ చేరేలోపు ఆలస్యం. రొదలో సగం విని సగం ఊహించి గురిపెడితే నాకు రావాల్సిన కిరణం తాటిచెట్టు మీదికి పోతుంది.

ఇంకో మాట. నెల్లూరు ట్రంక్ రోడ్డులో గోడలకు తగిలి, మేడలకు తగిలి సంకేతం నాలుగు దారుల్లో వస్తుంది కాబట్టి యాంటెనాలు నాలుగు వేర్వేరు డేటా ప్రవాహాలు పంపగలవు. ఇక్కడ ఏముంది తగలడానికి? బల్లపరుపు నీళ్లు, ఉప్పు గాలి. దారి ఒకటే కనబడుతుంది, నాలుగు ప్రవాహాలు ఎక్కడ దూరతాయి?

సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లోనే రాసిపెట్టాడు ఈ లెక్క. శక్తి పెంచకుండా వెడల్పు రెండింతలు చేసి చూడండి. సంకేతం రొదకు వెయ్యి రెట్లున్న చోట, అంటే టవర్ కింద టీ కొట్లో, వేగం 80 శాతం పెరుగుతుంది. రొదలో పదో వంతే ఉన్న నా గట్టు మీద రెండున్నర శాతం కూడా పెరగదు. ఉన్నవాడికే పెట్టే బుద్ధి తమరికి ఎవరు నేర్పారో గానీ!

1989లో నాసా వ్యోమనౌక వాయేజర్ 2 నెప్ట్యూన్ దగ్గర నుంచి సుమారు 20 వాట్లతో ఫొటోలు పంపింది. సెకనుకు 21.6 కిలోబిట్లే. న్యూమెక్సికోలో 27 డిష్‌లు, కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ డిష్‌తో కలిసి ఒకే చెవిగా విన్నాయి. నెప్ట్యూన్ చందమామ ఫొటో భూమికి చేరింది. నా జనరేటర్ ఫొటో పాతిక కిలోమీటర్ల నెల్లూరికి చేరలా.

టవర్‌కు మాత్రం బుద్ధుంది. తమరిని 273 ముక్కలుగా కోసి, దూరంగా ఉన్న నాబోటివాడికి నాలుగో ఐదో ముక్కలు పడేస్తుంది, ఉన్న శక్తి అందులోనే పోసుకోమని. అదే నాకు దక్కే వాటా. పోస్టరు మీద దివాణం, నాకు దక్కింది వాకిట్లో గొంగళి పరిచేంత చోటు.

చివరికి వీడియో కట్టేసి మామూలు కాల్ చేశా. మాటకు పాతిక కిలోబిట్లు కూడా అక్కర్లేదు. "గాలి పట్టిందిరా, డీజిల్ పైపు దగ్గర స్క్రూ వదులు చేసి పంపు కొట్టు, నురగ పోయేదాకా" అన్నాడు బావ. నాలుగు నిమిషాల్లో జనరేటర్ లేచింది. ఈశాన్యం మూల కొన్ని తేలాయి, తట్టెడు పోయాయి.

ఇట్లు,
తమరి 273లో నాలుగు ముక్కల కౌలుదారు

తా.క.: బావ కొత్త ఫోను కొనమంటున్నాడు. అందులో రెండు బ్యాండ్లు కలుపుతారంట, ఇంకా వెడల్పంట.