ఫారం నంబర్ 6 గారికి సవినయంగా

మహారాజశ్రీ ఫారం నంబర్ 6 గారి దివ్యసముఖానికి,

2016 జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్‌తో పాటు పుట్టారు కాబట్టి, లెక్క ప్రకారం మీరు కూడా ఇంకా మైనరే. అయినా "గారు" అనక తప్పదు. మీ హోదా అలాంటిది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లాడు ఏదో ఒక కేసులో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వచ్చాడంటే, 15 రోజుల్లో మిమ్మల్ని నింపి దాఖలు చేయాలి. మీ పూర్తి పేరు సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్. ప్రొబేషన్ ఆఫీసరు మిమ్మల్ని చంకన పెట్టుకుని వాడి ఇంటికీ బడికీ వీధికీ తిరిగి రావాలి. మందలించి పంపాలా, ప్రొబేషన్ మీద, అంటే బయటే ఉంచి ఒకరి పర్యవేక్షణలో, వదలాలా, స్పెషల్ హోమ్‌లో మూడేళ్ళ వరకు ఉంచాలా అని బోర్డు ఆలోచించేటప్పుడు బల్ల మీద ఉండేది మీరే.

మీకున్న కుతూహలం పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్తకు కూడా ఉండదు. ఇంట్లో ఇంకెవరి మీదైనా కేసులున్నాయా? బడి ఎందుకు మానేశాడు? స్నేహితుల్లో చదువుకున్నవాళ్ళు ఎక్కువా, చదువురానివాళ్ళు ఎక్కువా? సంపాదించినది ఇంట్లో ఇచ్చాడా, బట్టలు కొన్నాడా, జూదమాడాడా, సిగరెట్లకు తగలేశాడా? టీవీ చూస్తాడా, బొమ్మలు వేస్తాడా, పాటలు పాడతాడా? పేజీల కొద్దీ ఇలా అడిగి అడిగి, ఆఖర్లో సిఫారసు రాసే చోటికి కాస్త పైన ఒక గడి పెట్టారు. "సంప్రదించిన నిపుణుల అభిప్రాయం." నా విన్నపమంతా ఆ ఒక్క గడి గురించే.

నిపుణులంటే మీ ఉద్దేశంలో ఎవరండీ? సైకాలజిస్టు, డాక్టరు, కౌన్సెలరు. వాళ్ళు కావాలి, కాదనను. దొరికితే ఇంకా మంచిది. కానీ హోమ్‌లో మొదటి రాత్రి పాత పిల్లలు కొత్తవాణ్ణి ఏమడుగుతారో వాళ్ళకు తెలియదు. బయటికొచ్చిన వారానికి అదే జట్టు బండేసుకుని వీధి చివర ఆగి "ఎక్కరా" అన్నప్పుడు "రాను" అన్న మాట గొంతులో ఎందుకు ఆగిపోతుందో తెలియదు. వాయిదా రోజు తల్లి కూలి పోతే ఆ సాయంత్రం ఇంట్లో ఏ గొడవ జరుగుతుందో, మర్నాడు పిల్లాడు పొద్దున్నే ఎటు వెళ్ళిపోతాడో తెలియదు. ఇవన్నీ తెలిసినవాడు ఒకడుంటాడు. ఒకప్పుడు ఇలాంటి కాగితాల్లోనే "స్నేహితులు: చెడు సావాసం" అని రాయించుకుని, ఎలాగో గట్టెక్కి, ఇప్పుడు ఏ ఆటో నడుపుకుంటూనో ఏ మెకానిక్ షెడ్డులోనో ఉంటాడు. అతణ్ణి అడగాలని మీకు తోచదు. అతనిది అనుభవం, మీకు కావాల్సింది సర్టిఫికెట్.

మీకు మీ వంశవృక్షం ఎవరూ చెప్పినట్టు లేదు. చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు కలిసి, ఇక చుక్క ముట్టం అని ఒట్టేసుకుని ఒక సంఘం పెట్టారు. వాషింగ్టనియన్లు అని పేరు. ప్రసంగాలిచ్చే పెద్దమనుషుల అవసరం లేకుండా, నిన్న మానేసినవాడు వెళ్ళి ఇంకా మానలేనివాడి పక్కన కూర్చుని మాట్లాడతాడు. అదే వాళ్ళ పద్ధతి. ఆ ఉద్యమం బోస్టన్‌కు పాకింది. అక్కడ అందులో చేరిన జాన్ అగస్టస్ బూట్లు కుట్టించి అమ్ముకునే మనిషి. 1841లో కోర్టులో ఒక తాగుబోతును చూసి, జైలుకు పంపకండి, పూచీ నాది అని బెయిలు కట్టి వెంట తీసుకెళ్ళాడు. మూడు వారాల తర్వాత తీసుకొస్తే అతను జడ్జి నమ్మలేనంతగా మారిపోయి ఉన్నాడు. ఒక సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు వేసి వదిలేశారు. ప్రొబేషన్ అనే వ్యవస్థకు మూలపురుషుడని పుస్తకాలన్నీ చెప్పేది ఈ బూట్ల షాపాయన్నే. మానేసిన తాగుబోతులు పెట్టిన సంఘంలోంచి పుట్టిన వంశమండీ మీది. మునిమనవడి తరానికి వచ్చేసరికి తాతల్ని గేటు బయట నిలబెట్టి ఐడీ కార్డు అడుగుతున్నారు.

మీరు చేరే బోర్డు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరూ పిల్లల చదువు, ఆరోగ్యం, సంక్షేమాల్లో కనీసం ఏడేళ్ళు పనిచేసి ఉండాలి, లేదా సైకాలజీ, సోషియాలజీ, లా లాంటి డిగ్రీతో ప్రాక్టీసు చేస్తూ ఉండాలి. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవాళ్ళు మాత్రం పనికిరారు. ఆ శిక్ష రద్దయితేనో, పూర్తి క్షమాభిక్ష దొరికితేనో తప్ప ఎన్నేళ్ళు గడిచినా అంతే. సరే. ఇదే మనిషి ఎమ్మెల్యేగానో ఎంపీగానో నిలబడాలనుకుంటే? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం అడ్డుపడుతుంది, కానీ మామూలుగా విడుదలైన ఆరేళ్ళకు తప్పుకుంటుంది. అంటే పిల్లల చట్టాన్ని సవరించే సభలో దర్జాగా కూర్చోవచ్చు, ఆ చట్టం కింద నడిచే బోర్డులో మూల కుర్చీ కూడా దొరకదు. బోర్డు తీర్పు చెప్పే చోటు, అక్కడ కట్టుదిట్టం ఉండాల్సిందే. నేను దాని కుర్చీ అడగడం లేదు. మీ గడి అడుగుతున్నాను.

పెట్రోలు విషయంలో మాత్రం శిక్ష పడినవాళ్ళను నమ్మడానికి మనకు ఏ అనుమానమూ లేదు. చంచల్‌గూడలో జైళ్ళ శాఖ ఖైదీలతో బంకు నడుపుతోంది, జనం వరసకట్టి ట్యాంకు నింపించుకుంటారు.

మీతోపాటు అవే రూల్స్‌లో పుట్టిన చిల్డ్రన్స్ కమిటీ మీకు చెల్లెలు వరస. హోమ్‌లో ఉన్న పిల్లలే వయసుల వారీగా మూడు కమిటీలుగా ఏర్పడి దినచర్య గురించి, భోజనం గురించి, సిబ్బంది ఎవరైనా చెయ్యి చేసుకుంటే దాని గురించి కూడా చెప్పవచ్చు. ఎంత బాగా జరుగుతున్నాయన్నది హోమ్‌కు హోమ్‌కు తేడా. కానీ కాగితం మీదైనా ఒక మంచి మాట ఉంది. చిక్కల్లా గేటు దాటాక. లోపల ఉన్నంతసేపూ సాంబారు పలచనైందని చెప్పే హక్కున్నవాడికి, ఇరవై రెండేళ్ళు వచ్చి ఈ వ్యవస్థ తనకెక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చెయ్యి వదిలేసిందో తీరిగ్గా చెప్పగలిగే వేళకు ఏ కమిటీ లేదు.

ఇక్కడ మీ తరఫున ఒక మాట నేనే ఒప్పుకోవాలి. పిల్లల రికార్డులు గడువు తీరాక చెరిపేయాలని చట్టం చెబుతోంది. చిన్నప్పటి కేసు వల్ల ఏ అర్హతా పోకూడదనీ చెబుతోంది. పెద్దవాళ్ళతో సమానంగా విచారించిన కొన్ని తీవ్రమైన కేసులకు ఈ రక్షణ లేదు. మిగతావాళ్ళకు ఇది బంగారం లాంటి నియమం. మరి ఆ కుర్రాణ్ణి నిపుణుడిగా పిలవాలంటే, చట్టం చెరిపేసిన ముక్కను అతనే మళ్ళీ నోటితో చెప్పుకోవాలి. పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఎవరు చెప్పుకుంటారు? అందుకని చెప్పడం అతని ఇష్టానికే వదలాలి. చెప్పినవాడి పేరు ఆ గదిలోనే ఉండిపోవాలి. అంతేగానీ నవంబర్ 14న హోమ్‌లో షామియానా వేసి, "ఒకప్పటి నేరస్థుడు, నేటి ఆదర్శ యువకుడు" అని మైకులో అరిచి, శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, గ్రూపు ఫోటో తీసి, బస్సు చార్జీలు కూడా ఇవ్వకుండా పంపే కార్యక్రమం అయితే వద్దు. అలాంటివాటికి మోటివేషనల్ స్పీకర్లు చాలామంది ఉన్నారు.

బయట దీన్ని జీతమిచ్చే ఉద్యోగంగా చేసినవాళ్ళున్నారు. న్యూయార్క్ నగర ప్రొబేషన్ శాఖ 2012లో ఆర్చెస్ అనే పథకం మొదలుపెట్టింది. ప్రొబేషన్‌లో ఉన్న 16 నుంచి 24 ఏళ్ళ కుర్రాళ్ళకు మెంటర్లుగా అదే బతుకు చూసివచ్చిన వాళ్ళను పెట్టింది. వాళ్ళనక్కడ "నమ్మదగిన దూతలు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధనా సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ పథకంలో ఉన్నవాళ్ళకు తీవ్ర నేరాల్లో మళ్ళీ శిక్ష పడడం పథకంలో లేని తోటివాళ్ళతో పోలిస్తే ఏడాదిలో 69 శాతం, రెండేళ్ళలో 57 శాతం తక్కువ. ఒక్క నివేదికతో లోకం మారదు, నిజమే. మెంటర్ల వల్లనే అంతా జరిగిందని నేనూ ప్రమాణం చేయను. అయినా ఈ అంకెలు మీ గడిలో పడే "నిల్" కన్నా మెరుగు.

ఇంగ్లండ్‌లో మార్క్ జాన్సన్ అనే ఆయన, తనే మత్తుకు బానిసై జైలు చూసి వచ్చినవాడు, 2009లో యూజర్ వాయిస్ అనే సంస్థ పెట్టాడు. జైళ్ళలో, ప్రొబేషన్‌లో కౌన్సిళ్ళు పెడతారు. జైళ్ళలో ఖైదీలే పార్టీలు కట్టి ఎన్నికల్లో నిలబడతారు. గెలిచినవాళ్ళు అధికారులతో కూర్చుని, ఫలానా పని ఇలా చేస్తే నడుస్తుంది, ఇలా చేస్తే నడవదు అని చెబుతారు. మన దగ్గర జైల్లో ఉన్న మనిషి ఓటు వేయలేడు, శిక్ష పడకపోతే అక్కడి నుంచే పోటీ మాత్రం చేయవచ్చు. కాబట్టి మనవాళ్ళకు పార్టీ కట్టడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

అయ్యా ఫారం గారూ, మిమ్మల్ని మార్చాలంటే గెజిట్ కావాలి, సంప్రదింపులు కావాలి, తెలుగు అనువాదం కావాలి, అది మళ్ళీ సంస్కృతంలా ఉండాలి. అంత శ్రమ పెట్టను. "సంప్రదించిన నిపుణుల అభిప్రాయం" కింద రెండు వరసలు కలపండి చాలు. ఇదే దారిలో వెళ్ళి వచ్చిన ఎవరినైనా అడిగారా? అవును/లేదు. అడిగితే, ఆ రోజు కూలి పోయినందుకు ఎంత ఇచ్చారు, ఏ పద్దు కింద?

ఇట్లు,
తమ విధేయుడు,
నింపాల్సిన గడులన్నీ నింపిన ఒక పౌరుడు