రాలిన జుట్టు మొక్కు కింద చెల్లుతుందా?

విశాఖలో ఒక ఆసుపత్రి. కీమో వార్డు బయట వేపచెట్టు, కింద సిమెంటు బెంచీ. లోపల అమ్మకి మూడో కీమో ఎక్కుతోంది. రొమ్ము క్యాన్సర్. 21 రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు ఎర్రమందు, ఆ తర్వాత వారం వారం ఇంకో మందు 12 సార్లు. ఎర్రమందు సిరంజిలో చూసి, కుంకుమ కలిపిన నీళ్ళలా ఉందని అమ్మే అంది. అక్కకి సింహాచలం అప్పన్న మీద గురి, తమ్ముడికి ల్యాబ్ రిపోర్టుల మీద. నేను అక్క పక్షం, ముందే చెప్పేస్తున్నాను. అలాగని తమ్ముడి నోరేమీ నొక్కలేదు.

తమ్ముడు: మళ్ళీ ఆ సీసా ఏంటక్కా సంచిలో?

అక్క: కొండ మీది తీర్థం. కంగారుపడకు, అమ్మకి కాదు, నాకే.

తమ్ముడు: పోయినసారీ ఇలాగే అన్నావు. పదో రోజున జ్వరం, 101. అర్ధరాత్రి ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తింది నేను. కీమో అయిన వారం పది రోజులకి తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోవద్దు, వెంటనే వచ్చేయండి అని కాగితం మీద రాసిచ్చారు కదా. అలాంటి రోజుల్లో కాచని నీళ్ళు, పచ్చిపాల పంచామృతం పెడతావా?

అక్క: తీర్థం వల్లే వచ్చిందని డాక్టరుగారు అన్నారా?

తమ్ముడు: కాదని కూడా అనలేదు.

అక్క: సరే, ఒప్పుకుంటున్నాను, అది నా తప్పే. అప్పట్నుంచి అమ్మ కళ్ళకద్ది నేనే తాగుతున్నాను. పెద్దత్త పంపిన ఆకుల కషాయం కూడా సింకులో పోసేశాను, నీకు చెప్పలేదంతే. ఇంకేం కావాలి నీకు?

తమ్ముడు: కషాయం పారబోశావు, సంతోషం. దండాల సంగతేంటి? వాటికీ లెక్క తీశారు. 2006లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. గుండెకి బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద. తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్ళలో, నిజంగా జరిగినవాళ్ళకి 52 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చాయి. జరగనివాళ్ళకి 51. అంటే తేడా లేదు.

అక్క: ఆ ప్రార్థన చేసినవాళ్ళెవరు?

తమ్ముడు: వేరే ఊళ్ళో ప్రార్థన బృందాలు. పేషెంటు పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం ఇచ్చారు.

అక్క: ఇంకేం! ముక్కూ మొహం తెలియనివాళ్ళు చీటీ చూసి పెట్టిన దండం. నేను జావ కాచి, చల్లార్చి, చెంచాతో నోట్లో పెడుతూ పెట్టుకునే దండం దాంతో సమానమా?

తమ్ముడు: మొత్తం విను. 'మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది' అని చెప్పినవాళ్ళు ఇంకో గుంపు. వాళ్ళలో 59 శాతం మందికి ఇబ్బందులు. నా సంగతి ఇంతదాకా వచ్చిందా అని టెన్షన్ పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది. మనింట్లో జరుగుతున్నది కూడా అదే. మొన్న రాత్రి అమ్మ నన్నేం అడిగిందో తెలుసా? 'ఒరేయ్, శనివారాలు సరిగ్గా చెయ్యలేదనేనా నాకిది వచ్చింది?' అంది. ఒంట్లో జబ్బు చాలదన్నట్టు నేరం కూడా తన నెత్తినే వేసుకుంది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా?

(అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ మాటకి నా దగ్గరా జవాబు లేదు.)

అక్క: నా నోట్లోంచే వచ్చుంటుంది. 'నమ్మకం పెట్టుకోమ్మా, తగ్గిపోతుంది' అని రోజుకి పదిసార్లు అన్నాను. తగ్గకపోతే నమ్మకం చాల్లేదని అర్థం వస్తుందని నాకు తట్టలేదు. ఇక అనను. కానీ ఒక్కటి విను. అప్పన్న నిజరూపం ఎప్పుడు కనపడుతుంది? అక్షయ తృతీయ నాడు, ఒక్కరోజు. మిగతా ఏడాదంతా కొండెక్కినవాళ్ళకి కనపడేది చందనం ముద్దే. అమ్మ నలభయ్యేళ్ళు ఆ ముద్దకే దండం పెట్టింది. లోపల ఎలా ఉన్నాడో గోకి చూపించమని ఏ పూజారినీ అడగలేదు. నీకేమో స్కాన్ చేతికొచ్చేదాకా ఊపిరాడదు. నిన్న రిపోర్టు కోసం ఫోన్లో ఆ ల్యాబ్ పేజీ ఎన్నిసార్లు తెరిచావో నేను చూశాను. నా జపమాలకి 108 పూసలే, నీ దానికి అంతే లేదు. తగ్గుతుందా తగ్గదా అని నేను దేవుణ్ణి అడగడం మానేశాను. తెల్లవారుజామున మూడింటికి అమ్మ బేసిన్ పట్టుకుని వాంతి చేసుకుంటుంది, నేను వీపు రాస్తూ ఉంటాను. అప్పటికి మాత్ర వేసేశాం, నర్సుకి ఫోన్ చేసేశాం, చెయ్యాల్సినవన్నీ అయిపోయాయి. రాత్రి మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. దానికి నీ దగ్గరేముంది?

తమ్ముడు: ఏమీ లేదు. పక్కన కూర్చుంటాను.

అక్క: నేనూ కూర్చుంటాను, నరసింహా అనుకుంటూ.

తమ్ముడు: మధ్యలో ఆయనెందుకు? కూర్చోవడం చాలదా?

అక్క: నీకు చాలుతుందేమో. నాకు చాలట్లేదురా.

తమ్ముడు: సరే... ఆ పసుపుగుడ్డ మూట ఏంటి, సీసా పక్కన?

అక్క: అమ్మ జుట్టు. మొదటి కీమో అయిన 17వ రోజున దువ్వెనకి గుత్తులు గుత్తులుగా వచ్చేసింది. దిండు గలేబు మీద, బాత్రూం జాలీలో, ఎక్కడ పడితే అక్కడ. ఇంకా కొబ్బరినూనె వాసన పోలేదు, చూడు. తగ్గితే తలనీలాలిస్తానని అమ్మ మొక్కుకుంది. ఇచ్చేలోపే రాలిపోయాయి. అందుకని ముడుపు కట్టాను.

తమ్ముడు: రాలిన జుట్టు మొక్కు కింద ఎలా చెల్లుతుంది?

అక్క: ఎందుకు చెల్లదు? ఆయన పేరున అనుకున్న జుట్టేగా.

తమ్ముడు: అనుకుంటే చాలదు. కొండ మీద టికెట్ తీసుకుని, తల తడిపి, కత్తితో తీయించాలి. దిండు మీద ఏరుకొచ్చింది మూటగట్టి ఇస్తే అది తలనీలాలెలా అవుతుంది?

అక్క: అమ్మ చేతుల్లో ఉన్న పనా ఇది? మందు రాల్చింది. దేవుడికా మాత్రం తెలియదా?

తమ్ముడు: తెలిసినా సరే, పద్ధతంటూ ఉంటుంది. ఎవరి జుట్టు వాళ్ళు ఇంటి దగ్గర దువ్వుకుని కవర్లో పంపిస్తే ఒప్పుకుంటారా? కీమోలు అయిపోయాక కొన్ని నెలలకి మళ్ళీ మొలుస్తాయి. పూర్తిగా పెరగనిచ్చి, అప్పుడు అమ్మని తీసుకెళ్ళి గుండు చేయించాలి. అదీ మొక్కంటే.

అక్క: ఒరేయ్, నువ్వెవరి తరఫున వాదిస్తున్నావురా?

తమ్ముడు: నేను నియమం మాట్లాడుతున్నానంతే.

అక్క: అదే. అమ్మకి జుట్టు పెరుగుతుంది, మనం ముగ్గురం కొండకెళ్తాం అని వచ్చే ఏడాది సంగతి ఎత్తింది నువ్వు. నేను కాదు.

(లోపల్నుంచి నర్సు కేకేసింది: 'పేషెంటు తాలూకా ఎవరండీ? సెలైన్ అయిపోవచ్చింది!' ఇద్దరూ లేచారు.)

తమ్ముడు: నీ సీసా మూత సరిగ్గా పెట్టలేదు, సంచంతా తడుస్తోంది. ఆ మూట ఇటివ్వు, ఫైల్లో రిపోర్టుల మధ్య పెడతాను.