జున్నుపాల పొడి కోసం మాత్రలు మానేయమంటారా?

బంధువుల గ్రూపులో వచ్చినప్పుడు చూసి ఊరుకున్నాను. పాత మిత్రులు, ఇరుగుపొరుగు కూడా అదే పంపుతుంటే ఇక ఊరుకోలేకపోతున్నాను. ఆ సందేశం సారాంశం ఇది: జున్నుపాల పొడిలోని గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలను పెరగమని పురిగొల్పే ప్రోటీన్లు) అల్సరేటివ్ కొలైటిస్‌ను, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బును, నయం చేస్తాయట. అవి ఎంత ఎక్కువైతే అంత మంచిదట. విదేశీ పరిశోధనలో 83 శాతం మందికి రెండు వారాల్లో తగ్గిందట. సహజమైనది కాబట్టి హాని లేదట. అందుకని ఈ జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మెసలమైన్, స్టెరాయిడ్ మాత్రలు ఆపేయాలట.

83 శాతం అంకె నిజమే. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అయితే అక్కడ ఇచ్చింది జున్నుపాల పొడి కాదు, కృత్రిమంగా తయారుచేసిన ఈజీఎఫ్ అనే ఒకే ఒక్క గ్రోత్ ఫ్యాక్టర్. అదీ నోటి ద్వారా కాదు, ఎనిమాగా, అంటే మలద్వారం గుండా. మందు అందుకున్నది 12 మంది, తగ్గింది 10 మందికి. మందు లేని డమ్మీ ఎనిమా తీసుకున్న మరో 12 మందిలో ఒక్కరికే తగ్గింది. ఇక సందేశం రాసినవారు మింగేసిన సంగతి: ఆ 24 మందికీ మెసలమైన్ మాత్రలు కొత్తగా మొదలుపెట్టారు, లేదా అప్పటికే వాడుతున్నవారికి మోతాదు పెంచారు. మాత్రలు మానేయమనడానికి సాక్ష్యంగా తెచ్చిన పరిశోధనలోనే మాత్రలు పెంచారు! చదివి పంపుతున్నారా, చదవకుండానే పంపుతున్నారా?

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఆఖరి సలహాయే. మలంలో రక్తం కనిపించడం ఆగగానే జబ్బు పోయిందనుకోవడం మామూలే. పేగు లోపలి పొర అప్పటికింకా పూర్తిగా మాని ఉండకపోవచ్చు. మెసలమైన్ సరిగా వేసుకోనివారిలో జబ్బు తిరగబెట్టే ముప్పు అయిదు రెట్లు దాటిందని ఒక అధ్యయనం చూపింది. స్టెరాయిడ్ల సంగతి ఇంకా తీవ్రం. వారాల తరబడి వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు, ఒంటికి అత్యవసరమైన కార్టిసాల్ హార్మోన్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గిస్తాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు మొదలై, రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. డాక్టర్లు మోతాదును కొద్దికొద్దిగా తగ్గించేది అందుకే. అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డుకు పొడి అమ్మినవారు వస్తారా, ఫార్వర్డ్ చేసినవారు వస్తారా?

గ్రోత్ ఫ్యాక్టర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాట కూడా నిలవదు. టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్ వాపును అణచుతుంది. క్రోన్స్ అనే మరో పేగువాపు వ్యాధిలో మచ్చకణజాలం పెంచి పేగును ఇరుకు చేసేదీ అదే. ఈజీఎఫ్ వచ్చి అతుక్కునే గ్రాహకాన్ని పెద్దపేగు క్యాన్సర్ కణాలూ వాడుకుంటాయి కాబట్టే దాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్ క్యాన్సర్ మందుగా వచ్చింది. రెపిఫెర్మిన్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్‌ను 88 మంది కొలైటిస్ రోగుల్లో పరీక్షిస్తే డమ్మీ మందు కంటే మెరుగని తేలలేదు.

సహజమన్న వాదనకు ఒకే మాట: పాలు పడనివారికి జున్నుపాలూ పడకపోవచ్చు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆవు జున్నుపాలను నిజంగానే పరీక్షించారు. 2002లో వెలువడిన 14 మంది అధ్యయనంలో మేలు కూడా కనిపించింది. అక్కడా ఎనిమాయే, అక్కడా తోడుగా మెసలమైనే. ఆలోచన తెలివితక్కువది కాదు, పెద్ద ఎత్తున పరీక్షించదగ్గదే. స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయన్న భయమూ న్యాయమైనదే. ఆ భయం డాక్టరుకు చెప్పండి, వేరే మందులున్నాయి.

ఈ సందేశం చూసి ఎవరైనా మాత్రలు ఆపేసి ఉంటే, ఈరోజే వారి డాక్టరుకు ఫోను చేయించండి.