సవరణ: ఆపిన క్లోజపిన్‌ను పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు

స్కిజోఫ్రెనియా (తీవ్రమైన మానసిక జబ్బు) మందుల గురించి నేను పెట్టిన పోస్టులో "కొన్ని రోజులు మానేసినా మళ్లీ పాత మోతాదే వేసుకోవచ్చు" అని అన్ని మందులకూ కలిపి రాశాను. ఆ మందుల్లో ఒకటైన క్లోజపిన్ విషయంలో అది తప్పు, ప్రమాదకరం కూడా.

మందు తయారీదారుల అధికారిక సూచనల ప్రకారం, చివరి మోతాదు తర్వాత 48 గంటలు దాటితే మొదటి రోజు 12.5 మి.గ్రా. ఒకసారి లేదా రెండుసార్లు ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. తట్టుకుంటే తొలిసారి కంటే వేగంగా పెంచవచ్చు. క్లోజపిన్ రక్తపోటును, కొందరిలో గుండె వేగాన్ని తగ్గిస్తుంది. దానికి ఒంటికి పట్టిన అలవాటు ఈ విరామంలో పోతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా 300 మి.గ్రా. లాంటి పాత మోతాదు పడితే స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు.

48 గంటల లోపైతే మామూలు మోతాదే. తప్పిన దానికి బదులుగా రెట్టింపు వద్దు.

చివరి మాత్ర ఏ రోజు, ఏ పూట మింగారో రోగిని అడగండి. (మందుల చీటీ మీది తేదీని నమ్మి లాభం లేదు.) లెక్క తేలకపోతే 48 గంటలు దాటినట్టే భావించి, మొదలుపెట్టే ముందు సైకియాట్రిస్టుతో మాట్లాడటం మేలు. ఈలోపు సిగరెట్లు మానేశారేమో కూడా కనుక్కోవాలి. మానితే రక్తంలో క్లోజపిన్ స్థాయి పెరుగుతుంది, అందుకని పాత మోతాదు దాకా వెళ్లాల్సిన అవసరం ఉండకపోవచ్చు. సిగరెట్ల బదులు చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ ఈ పెరుగుదలను ఆపదు. ఒంట్లో మందును త్వరగా ఖర్చు చేయించేది నికోటిన్ కాదు, పొగలోని ఇతర రసాయనాలు.